సీజన్ టికెట్టు మీద దస్తీ

"వాడు కాలేజీల సదువనీకి ఫీజు నేనే కడ్తి. ఇప్పుడు వాడు ఆడంగ సూడనీకి గూడ నేనే కట్టాల్నా?"

వహీదా ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆమె చేతిలో బగారా అన్నం గిన్నె ఉంది. గిన్నె ఇంకా కళ చేతికి రాలేదు. వస్తుందా, ఎదురు ఫ్లాటులోకి తిరిగి వెళ్ళిపోతుందా అన్నది జవాబును బట్టి ఉంటుంది.

"కట్టుడు సంగతి తర్వాత ఆంటీ, అసలు టికెట్లే లేవు. మొత్తం అయిపోయినయి," అంది కళ.

"సైటు జేసిందే నువ్వు గదా."

"చేసిన. గని సీట్లు నా ఇంట్ల పుడ్తయా?"

వహీదా కాసేపు ఆలోచించి గిన్నె ఇచ్చింది. అయితే మూత తనే ఉంచుకుంది. మూత కోసమైనా మళ్ళీ రావాలి కదా.

బహ్రెయిన్‌లోని రిఫాలో ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉంటారు వాళ్ళు. వహీదాది బోధన్. భర్త మునవ్వర్ సామాను వ్యాను నడుపుతాడు, ఆమె ఇంట్లోనే వండి ఆర్డర్లకు పంపుతుంది. ఒక్కగానొక్క కొడుకు దానిష్ సఖీర్ వైపు ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఆఖరు సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ ఫుట్‌బాల్ టీములో గోల్ కీపరు. మెట్‌పల్లి నుంచి వచ్చిన కళ అదే కాలేజీలో కంప్యూటర్ విభాగంలో పనిచేస్తోంది.

మూడేళ్ళుగా మ్యాచ్‌లన్నీ శుక్రవారాలే జరిగాయి. శుక్రవారమంటే వహీదాకు బిర్యానీ డేగిశాల రోజు. దానితో కొడుకు ఆట ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారీ చూడలేదు. ఈ ఏడాది మ్యాచ్‌లు మంగళవారానికి మారాయి. దానిష్‌కు ఇదే ఆఖరు సీజను. వచ్చే ఏడాదికి డ్యూటీలో పడితే గోలూ ఉండదు, కీపరూ ఉండడు. అందుకే ఈసారి ఏమైనా సరే, కొడుకు ఆడుతుంటే కళ్ళారా చూడాలని వహీదా తీర్మానించుకుంది.

కళకు వింతగా అనిపించింది దానిష్ వైఖరి. లిఫ్టులో కలిసినప్పుడు టికెట్లు అయిపోయాయని చెబితే, "అయ్యో, అవునా కళక్కా, అమ్మీ పాపం," అన్నాడు. కాకపోతే ఆ 'పాపం' అన్న మొహం, పరీక్ష వాయిదా పడిందని విన్న మొహంలా ఉంది.

అసలు ఈ టికెట్ల గొడవ పుట్టింది స్పోర్ట్స్ డైరెక్టర్ ఐమన్ బుర్రలో. నిరుడు దాకా మ్యాచ్‌లకు టికెట్టు లేదు. ఎవరైనా రావచ్చు. కాబట్టి ఎవరూ రాలేదు. స్టాండులో పిల్లులు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి. ఐమన్ బాగా ఆలోచించి, ఊరికే వచ్చేదాన్ని ఎవరూ లెక్కచేయరని తేల్చాడు. అమెరికాలో ఏదో యూనివర్సిటీలో చదివి వచ్చినవాడు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్టు కోసం జనం ఏళ్ళ తరబడి వరుసలో ఉంటారట, తాత తర్వాత మనవడికి సీటు వస్తుందట. అక్కడివాళ్ళు ఆ ఆటను చేత్తో ఆడతారన్న సంగతి ఆయన పట్టించుకోలేదు.

"సీజన్ టికెట్ పెడదాం. ఇరవై దినార్లు. నాలుగు వందల సీట్లు. ఆటగాళ్ళ ఇంటివాళ్ళకు కూడా పాసులుండవు. ఉచితం అనే మాట ఈ ఆఫీసులో వినబడకూడదు. యల్లా, సైటు చెయ్యి," అన్నాడు కళతో.

కళ చేసింది. బాగానే చేసింది కూడా. స్టాండు బొమ్మ, దానిలో పచ్చని సీట్లు. సీటు మీద నొక్కితే ఎర్రబడి మీ పేరు మీద ఆగుతుంది. తర్వాత డబ్బులు కట్టాలి. ఇలాంటి సైట్లన్నిటిలో ఒక గడియారం ఉంటుంది. పది నిమిషాల్లో కట్టకపోతే సీటు చేజారిపోతుందని బెదిరిస్తుంది. కళకు ఆ గడియారమంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. మనిషి నెత్తిన గంట కొడుతూ డబ్బులడగడం ఏం మర్యాద? ఆమె పెరిగిన మెట్‌పల్లి బస్టాండులో ఒక చట్టం ఉంది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు, అదే దస్తీ, వేస్తే ఆ సీటు నీది. నువ్వు తీరిగ్గా చాయ్ తాగి, మిర్చి తిని, చెయ్యి కడుక్కుని ఎక్కినా ఆ సీటు నీదే. దస్తీ తీసి కూర్చున్నవాడిని బస్సంతా తిడుతుంది. దస్తీకి గడువుంటుందని కళకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి సైటులోనూ గడువు పెట్టలేదు.

ఆదివారం పొద్దున టికెట్లు తెరిచారు. సాయంత్రానికి స్టాండు మొత్తం ఎర్రబడింది. సైటు దానంతట అదే 'ఫుల్' అని బోర్డు పెట్టేసింది.

ఐమన్ ఆ బొమ్మను ప్రింటు తీయించి గోడకు అంటించాడు. కాలేజీ చైర్మన్‌కు ఫోన్ చేసి మొదటి మ్యాచ్‌కు రమ్మని పిలిచాడు. "చూశావా కళా, ధర పెడితే విలువ వస్తుంది," అన్నాడు. కళ కూడా ఒప్పుకుంది. సైటులో ఏ చిక్కూ రాకపోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. అనుమానం రావలసింది అప్పుడే.

ఫుల్ అన్న బోర్డు చూశాక అసలు తిక్క మొదలైంది. అంతవరకు ఆ కాలేజీకి టీము ఉందని తెలియనివాళ్ళు కూడా టికెట్టు అడగడం మొదలుపెట్టారు. సనాబిస్‌లో కళ కనుబొమ్మలు తీయించుకునే చోట పార్లరమ్మాయి, "దీదీ, రెండు ఇప్పించండి, నలభై ఇస్తా," అంది. ఏ ఆటకో తెలుసా అంటే తెలియదంది. మరి ఎందుకంటే, "దొరకట్లేదంట కదా," అంది.

ఎదురు ఫ్లాటు నుంచి దాడి రోజూ సాగుతోంది. ఒకరోజు ఖీమా, ఒకరోజు ఖట్టీ దాల్, ఒకరోజు ఉత్త తిట్లు.

"నీకు చిన్నగున్నప్పుడు జొరమొస్తె నేను సూసుకున్న," అంది వహీదా ఒక సాయంత్రం.

"ఆంటీ, నేను బహ్రెయిన్‌కు వచ్చి ఏడాదిన్నరే ఐతుంది."

"అప్పుడుంటే సూసుకునే దాన్ని గదా."

కళ ఖట్టీ దాల్ తిని, ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చింది. తిన్నాక మాటివ్వడం తేలిక.

మొదటి మ్యాచ్‌కు వారం ముందు అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. టికెట్ల డబ్బులు ఏ ఖాతాకు పంపుతున్నారని అడిగారు. మీ ఖాతాకే అంది కళ. మా ఖాతాలో ఒక్క దినారు కూడా పడలేదన్నారు. బ్యాంకు తప్పేమో అంది. బ్యాంకును అడిగాకే మీకు ఫోన్ చేస్తున్నామన్నారు.

కళ కుర్చీలో వెనక్కి వాలింది. ఆమెకు అంతా ఒకేసారి అర్థమైంది. ఆగిన సీటుకూ ఎరుపే, అమ్ముడైన సీటుకూ ఎరుపే పెట్టింది తను. అమ్ముడైంది ఒక్కటీ లేదు. నాలుగు వందల సీట్ల మీద నాలుగు వందల దస్తీలున్నాయి. దస్తీ వేసినవాళ్ళు చాయ్ తాగడానికి వెళ్ళారు. ఎన్నాళ్ళయినా తాగవచ్చు.

ఆ సాయంత్రం ఎదురు తలుపు తనే కొట్టింది, ఖాళీ గిన్నెలతో.

"ఆంటీ, ఒక మాట. టికెట్లు అయిపోలే. ఒక్కటి గూడ అమ్ముడువోలే."

"మరి అన్ని ఎర్రగున్నయి గద."

"ఎవరో సీట్లు నొక్కి ఇడిచిపెట్టిన్రు. పైసల్ కట్టలే. నాదే తప్పు, గడువు పెట్టలే."

వహీదా సోఫాలో కూర్చుంది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎవరంటవ్ గసొంటి పని జేసింది? కొనేటట్టు లేకపోతె నొక్కుడెందుకు? నాసొంటి తల్లులు ఈడ ఏడ్వంగ, సీట్లు ఆపుకొని కూసుంటరా? సిగ్గుండాలె." ఆగింది. కాస్త నెమ్మదిగా, "నొక్కుడంటే, గా పచ్చ డబ్బలల్ల నొక్కుడేనా?" అంది.

"అదే."

"గట్లయితే నేను గూడ నొక్కిన మొదటి రోజు."

కళ గిన్నెలు కింద పెట్టింది. "మీరు నొక్కిన్రా?"

"దస్తీ ఏసిన బిడ్డా. పన్నెండు."

"పైసల్ కట్టలేదా?"

"పైసల్ అప్పుడే ఎందుకు? బస్సుల ఎక్కి కూసున్నంక గద కండక్టర్ అచ్చేది. ముందుగాల్నే ఎవలు కడ్తరు? మళ్ళ రెండు దినాలకు తెరిసి సూస్తె ఫుల్లని వచ్చె. ఎవడో నా దస్తీలు తీసి పారేసిండనుకున్న. గప్పటిసంది నిన్ను తిడ్తున్న."

"పన్నెండు ఎందుకు ఆంటీ? మీరిద్దరే గదా."

"నేను, మీ అంకుల్. గౌరవ్వ, గౌరవ్వ చెల్లె. తిఫిన్ డబ్బలకు రెండు. కాళ్ళు సాపుకునేటందుకు ముందట ఒకటి. ఇంక అచ్చేటోళ్ళు అస్తరు గద." ఇక్కడ వహీదా గొంతు మరికాస్త తగ్గింది. "ఇంకోటి. గ్రూపుల గూడ పెట్టిన."

"ఏ గ్రూపుల?"

"బహ్రెయిన్ తెలుగు ఆడోళ్ళ గ్రూపుల. మా దానిష్ మ్యాచ్ ఉంది, జల్ది జల్ది దస్తీలు ఏసుకోండ్రి అని."

లోపలి గది నుంచి మునవ్వర్ దగ్గు వినబడింది. అది నవ్వు ఆపుకునే దగ్గు.

"అంటే మీ సీటు మీరే ఆపుకొని, సీటు దొరకలేదని నా మీదికి వచ్చిన్రు," అంది కళ.

"నా సీటు నేను ఆపుకున్న, కరెక్టే. మరి నాకు నువ్వు ఫుల్లని ఎందుకు సూపెట్టినవ్?"

నిజానికి ఆ ప్రశ్న సరైనదే.

మరునాడు ఐమన్‌కు నిజం చెప్పేసింది. ఆయన గోడమీది ఎర్రబొమ్మను చాలాసేపు చూశాడు. "ఒక్కటి కూడానా?" అన్నాడు. ఒక్కటి కూడా అంది. దస్తీ సంగతి వివరించబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఖలాస్. రేపు సాయంత్రం లోపల కట్టనివాళ్ళ సీట్లు వదిలించు. నాలుగు వందల మంది ఆశపడ్డారు. సగం మందైనా కడతారు."

ఆ సాయంత్రం గ్రూపులో వహీదా వాయిస్ మెసేజీ పెట్టింది. "చెల్లెండ్లారా, కండక్టర్ అచ్చిండు. ఇరవై దినార్లు. కట్టినోళ్ళు కూసోండ్రి, కట్టనోళ్ళు దస్తీలు తీసుకోండ్రి."

గౌరవ్వ అందరికన్నా ముందు పలికింది. సనాబిస్‌లో మూడిళ్ళలో వంటచేసే మనిషి, మాట తూచి వాడుతుంది. "ఇరవై దినార్లా? అండ్ల కూసుంటే ఏ ఊరికన్న పోతదా వహీదా?"

"పోదు. ఆడ్నే ఉంటది."

"పోనిదానికి టికెట్టెందుకు?"

కాకినాడ నాగేశ్వరి కూడా మెసేజీ పెట్టింది. "ఆ డబ్బుతో మా పాపకి బూట్లూ బంతీ రెండూ వచ్చేస్తాయండి. ఇంట్లోనే ఆడుద్ది. మేం సోఫాలో కూర్చుని చూస్తాం, మంగళవారమే అక్కర్లేదు."

గడువు తీరేసరికి స్టాండు వరిమడిలా పచ్చబడింది. దానిలో అక్కడక్కడా పన్నెండు ఎర్రచుక్కలు మిగిలాయి. పదకొండు ఎవరో కుర్రాళ్ళవి. గోలు వెనక మొదటి వరుసలోది వహీదాది. ఆమె ఒక్కతే తన మాట మీద నిలబడి కట్టింది. మునవ్వర్‌కు కొనలేదు. "మీ అంకుల్ ఇంట్ల దానిష్‌ను సూస్తనే ఉంటడు గద," అంది.

ఐమన్ పన్నెండు అన్న అంకెను విని, "వందలా?" అని అడిగాడు. కాదంది కళ. చైర్మన్ వస్తున్నాడు. ఖాళీ స్టాండు చూపించలేరు. ఐమన్ కిటికీ దగ్గర నిలబడి ఎడారిని చూస్తూ, ఉచితం అనే మాట ఎక్కడా వాడకుండా ఒక ఆజ్ఞ ఇచ్చాడు. "మంగళవారం గేటు తెరిచి ఉంటుంది. తెరిచిన గేటులోంచి ఎవరైనా వస్తే మనం అడ్డుపడం. రిఫాకు, సనాబిస్‌కు కాలేజీ బస్సులు ఊరికే అలా వెళ్ళి వస్తాయి."

బస్సు, అదీ టికెట్టు లేని బస్సు. గ్రూపులో ఆ కబురు పడ్డాక ఆపేదెవరు?

మంగళవారం సాయంత్రం వహీదా మునవ్వర్ వ్యానులో వచ్చింది. ఇస్త్రీ చేసిన పట్టు దుపట్టా, చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన టికెట్టు. దారిలో పెట్రోలు కోసం ఆగడంతో కాస్త ఆలస్యమైంది. కళ ఆమెను గేటు దగ్గర కలుసుకుని మొదటి వరుసకు తీసుకెళ్ళింది. స్టాండు నిండిపోయి ఉంది. బజ్జీల వాసన వస్తోంది. వహీదా సీటు మీద పసుపుగళ్ళ దస్తీ ఒకటి చక్కగా పరిచి ఉంది. పక్క సీటులో గౌరవ్వ.

"గౌరవ్వా, గిది నా సీటు. జూడు, టికెట్," అంది వహీదా.

గౌరవ్వ టికెట్టును తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చింది. "టికెట్ నీదే వహీదా. కాదంటలేను. దస్తీ మా చెల్లెది. నీళ్ళకు పోయింది."

"పైసల్ కట్టిన గద నేను."

"కట్టినవ్. గని ముందుగాల ఎవలు ఏసిన్రు?"

వహీదా కళ వైపు తిరిగింది. కళ కాలేజీ మనిషి, మెడలో కార్డు కూడా ఉంది. టికెట్టు ఉన్నవాళ్ళదే సీటని ఒక్క మాట అంటే చాలు. అనబోయింది. కానీ చుట్టూ మెట్‌పల్లి, బోధన్, జగిత్యాల, కోరుట్ల ఆమెనే చూస్తున్నాయి. ఆమె చెయ్యి ఆ దస్తీ వైపు కదలనే లేదు.

వహీదా కూడా దస్తీని ముట్టుకోలేదు. పెద్ద నిట్టూర్పు విడిచింది. "తియ్యొద్దు తీ. గియ్యాల నేను తీస్తె, రేపు నాది ఎవలు ఆపుతరు."

మైదానం మొత్తం వెతికితే ఖాళీ జాగా ఒక్కచోటే కనబడింది. ఆటగాళ్ళ బెంచీ కొసన. వహీదా నేరుగా అక్కడికి నడిచింది. కళ వెనకే పరుగెత్తింది. ఆట అప్పటికే మొదలైంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ఒకడికి తళతళలాడే కొత్త గ్లోవ్సు ఉన్నాయి. వాడు వహీదాను చూసి గ్లోవ్సుతో మొహం కప్పుకున్నాడు.

"నువ్వేందిరా ఈడ?" అంది వహీదా.

"నువ్వేంది అమ్మీ ఈడ?" అన్నాడు దానిష్.

"నాకు సీటు దొరకలే."

"నాకు గూడ."

గోలులో ఎవరో పొడుగాటి కుర్రాడు నిలబడి ఉన్నాడు. వహీదా వాడిని చూసింది, కొడుకును చూసింది. బెంచీ కొసన కూర్చుంది.

"మూడేండ్ల సంది గింతేనా?"

దానిష్ తల ఊపాడు. "టీంల ఉన్న అమ్మీ. ఆడుడే లేదు."

"నీ బట్టలు నేనే ఉతికిన గదరా. మట్టి లేకపోతె నా సబ్బు మంచిదనుకున్న."

దానిష్ నేల చూశాడు. టికెట్లు లేవన్నప్పుడు వాడి మొహంలో కనిపించిన నిశ్చింత కళకు ఇప్పుడు గుర్తొచ్చింది. వహీదా సంచీలోంచి డబ్బా తీసి కొడుకు చేతిలో సమోసా పెట్టింది. గ్లోవ్సుతోనే తిన్నాడు. పక్కనున్న ఆటగాళ్ళకూ పెట్టింది. విరామం దాకా బెంచీ అంతా నములుతూనే ఉంది.

విరామం ఈల మోగగానే వహీదా లేచింది. ఎటు పోతున్నారని కళ అడిగేలోపే మైదానంలోకి దిగింది. పట్టు దుపట్టా సర్దుకుంటూ, రెండో సగానికి తమవాళ్ళు కాయబోయే గోలు దాకా నడిచింది. సంచీలోంచి తెల్ల దస్తీ తీసి గోలు వలకు ముడి వేసింది. ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసి, వచ్చిన దారినే తిరిగి వచ్చి కూర్చుంది.

స్టాండులోంచి గౌరవ్వ గొంతు వినబడింది. "ఏసింది. ఇంక గా జాగ దానిష్‌దే."

రిఫరీ వచ్చి ఇదేమిటని అడిగాడు. పొడుగు కీపరు ఏమీ అర్థంకాక దస్తీ చుట్టూ తిరుగుతున్నాడు. వీఐపీ కుర్చీల్లోంచి ఐమన్ కళకు ఏవో సైగలు చేస్తున్నాడు. చైర్మన్ మాత్రం ముందుకు వంగి ఆసక్తిగా చూస్తున్నాడు. అంతవరకు ఆయన ఫోనులోనే ఉన్నాడు.

కోచ్ ఖలీద్‌ది హైదరాబాదు, నాంపల్లి. దస్తీని దూరం నుంచి చూశాడు. ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. రిఫరీ చెవిలో ఏదో చెప్పి పంపేసి, బెంచీ దగ్గరికి వచ్చి వహీదా ముందు నిలబడ్డాడు.

"ఆంటీ, దస్తీ ఏసిన్రు. ఒప్పుకుంటున్న. గని గా సీట్ల ఇప్పుడు మనిషి ఉన్నడు. వాడు దిగాలె గదా."

"ఎప్పుడు దిగుతడు?"

"మనోళ్ళవి ఇంకో మూడు గోల్లు పడనీయండ్రి. అప్పుడు భయం లేదు. దించుత."

"ముసల్దాన్ని గాదు, ఆగుత," అంది వహీదా. "గని బస్సు స్టేజీ దాటినంక దించకు."

తరువాత జరిగిన ఆటను ఆ కాలేజీ చరిత్రలో ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు. గోలు పడ్డప్పుడల్లా స్టాండు లేచి ఖలీద్ వైపు చూసింది. ఒకటి పడింది. చాలాసేపటికి రెండోది. మూడోది ఆట ఇక కొద్ది నిమిషాలే ఉందనగా పడింది. ఖలీద్ వహీదా వైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. దానిష్ లేచాడు. మూతికంటిన సమోసా ముక్కను తల్లే తుడిచింది.

వాడు గోలులోకి వెళ్ళి నిలబడ్డాడు, దస్తీ పక్కనే. బంతి అటు వైపు రాలేదు. రాకపోయినా వహీదా వాడిని తప్ప మరెవరినీ చూడలేదు. "ఎట్ల నిలబడ్డడో సూడు. అందరు ఉరుకుతున్నరు, మావోడే కుదురు," అంది కళతో.

ఆఖరులో బంతి వచ్చింది. నెమ్మదిగానే వచ్చింది. దానిష్ ఎడమకు దూకాడు, బంతి కుడి నుంచి వలలోకి వెళ్ళి దస్తీ కింద ఆగింది. వాడు లేచాడు. చొక్కా ముందు భాగమంతా, మోకాళ్ళు, ఒక చెవి, మట్టి.

"మొదటిసారి గద. బాల్ వాన్ని గుర్తువట్టలే," అంది వహీదా. కళ్ళు తుడుచుకోవడానికి దస్తీ కోసం సంచీలో చెయ్యి పెట్టి, అది లేదని గుర్తొచ్చి దుపట్టాతోనే తుడుచుకుంది.

మ్యాచ్ గెలిచారు. బస్సుల దగ్గర కిటికీల్లోంచి దస్తీలు పడుతున్నాయి. చైర్మన్ వెళ్ళేటప్పుడు ఐమన్ చెయ్యి పట్టుకుని ఊపి, వచ్చేవారం కూడా వస్తానన్నాడట. ఐమన్ వెంటనే కళను పిలిచి ధర పెంచుదామా అని అడిగాడు. ముందు గడియారం పెట్టనివ్వండి సార్ అంది కళ.

దీపాలు ఆర్పుతున్న మనిషి వలకున్న దస్తీని చూసి విప్పబోయాడు. వ్యాను దాకా వెళ్ళిన వహీదా అక్కడి నుంచే కేక వేసింది.

"ఓ భాయ్, ఉండనీ దాన్ని. సీజన్ టికెట్ నాది. ఇంక ఐదు మ్యాచ్‌లున్నయి."